సగ్రాదా ఫమీలియాను కుటుంబంతో చూడటం ఎలా? హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

"బార్సిలోనాలో రెండు రోజులే ఉంటాం, ఏ టికెట్ తీసుకోవాలి?" "మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, టవర్ ఎక్కగలరా?" "చర్చి అంటే పిల్లలకు బోర్ కొట్టదా?" ఎండాకాలం సెలవులకు యూరప్ ప్లాన్ చేసుకునేవాళ్లు ఇవే అడుగుతుంటారు. అందుకే మొదటి నుంచి చివరి దాకా, పనులు చేయాల్సిన వరుసలోనే రాస్తున్నాను.

సగ్రాదా ఫమీలియా అంటే స్పెయిన్‌లోని బార్సిలోనాలో గౌదీ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసిన పెద్ద చర్చి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్తాను. సగ్రాదా ఫమీలియాలో చూడాల్సిన అసలు సంగతి వెలుతురు. రంగు అద్దాల్లోంచి దిగే ఎండ పొద్దున ఒక రంగులో, సాయంత్రం ఇంకో రంగులో లోపలంతా పరుచుకుంటుంది. కాబట్టి ఏ గంటకు లోపలికి వెళ్తారో ముందు ఖాయం చేసుకోండి. మిగతా ప్లాన్ అంతా దాని చుట్టూ అల్లుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఊరంతా తిరిగే లిస్టు రాసుకుని, ఖాళీ మిగిలిన చోట చర్చిని ఇరికిస్తారు.

1. ముందు సమయం తేల్చుకోండి

తూర్పు వైపు క్రీస్తు జననాన్ని చూపే గోడ ఉంటుంది. ఆ వైపు కిటికీల్లో నీలం, ఆకుపచ్చ అద్దాలు ఎక్కువ. పడమటి వైపు క్రీస్తు శ్రమలను చూపే గోడ. ఆ వైపు ఎరుపు, నారింజ, పసుపు రంగులు. పొద్దున ఎండ నీలి వైపు నుంచి వస్తుంది, మధ్యాహ్నం దాటాక ఎర్రటి వైపు నుంచి వస్తుంది.

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్తే రెండు మంచి సమయాలున్నాయి. ఒకటి పొద్దున 9 గంటలకు, తలుపులు తీయగానే. రెండోది సాయంత్రం 4 నుంచి 6 మధ్య. డిసెంబర్, జనవరిలో పొద్దు 5:30 ప్రాంతంలోనే కుంకుతుంది. పైగా చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి పొద్దుటి నీలి కాంతి అంత బలంగా ఉండదు. అప్పుడు మధ్యాహ్నం 3 గంటల స్లాట్ తీసుకోండి.

ఇక్కడ మన ఒంటి గడియారం కూడా లెక్కలోకి వస్తుంది. స్పెయిన్ టైమ్ మనకంటే ఎండాకాలంలో 3:30 గంటలు, చలికాలంలో 4:30 గంటలు వెనక. వెళ్లిన మొదటి రెండు రోజులు పెద్దవాళ్లకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. సాయంత్రం ఐదయ్యేసరికి హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర, కళ్లు మూతలు పడతాయి. కాబట్టి బార్సిలోనా మీ ప్రయాణంలో మొదటి ఊరైతే పొద్దున 9 స్లాటే నయం. పారిస్, రోమ్ తిరిగి చివర్లో బార్సిలోనా వస్తుంటే సాయంత్రం స్లాట్ తీసుకోండి. ఒక్కటే ఎంచుకోమంటే నేను సాయంత్రానికే ఓటేస్తాను. ఆ ఎర్రటి వెలుగు స్తంభాల మీద పడటం చూస్తే పిల్లలు కూడా మాటలు ఆపేస్తారు. కానీ నిద్ర ముంచుకొస్తున్న తాతయ్యను కూర్చోబెట్టి చూపించేది కాదది.

ఆదివారం పొద్దున ప్రార్థన ఉంటుంది కాబట్టి సందర్శకులను ఆలస్యంగా, 10:30 నుంచి పంపుతారు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో మధ్యాహ్నానికే మూసేస్తారు. ఈస్టర్ వారంలో రద్దీ విపరీతం. వీలైతే మంగళ, బుధ, గురువారాల్లో పెట్టుకోండి.

2. వీసా, విమానం, టికెట్: ఏ వరుసలో

మొదట వీసా. షెంగెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకే వీసా) ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా పట్టవచ్చు. మే నెలలో వెళ్లాలంటే ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ చూసుకోండి. ఎండాకాలం సెలవులకు అందరూ ఒకేసారి ఎగబడతారు.

ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్నది ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇటలీలో ఐదు రాత్రులు, స్పెయిన్‌లో రెండు రాత్రులు అయితే ఇటలీకి పెట్టాలి. సమానమైతే మొదట దిగే దేశానికి.

చూసుకోవాల్సినవి:

- తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లే పాస్‌పోర్ట్, అందులో రెండు ఖాళీ పేజీలు
- ప్రతి ఒక్కరికీ కనీసం 30,000 యూరోల వైద్య బీమా
- వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. ఆరేళ్లు నిండని పిల్లలకు ఫీజు లేదు
- పెద్దవాళ్ల మందులకు డాక్టర్ చీటీ, ఇంగ్లిష్‌లో

శంషాబాద్ నుంచి బార్సిలోనాకు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ బార్సిలోనాలో జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే అక్కడే జరుగుతుంది. ఇప్పుడు సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి వచ్చింది కాబట్టి యూరప్ ఊరిలో విమానం మారేవాళ్లు కనీసం మూడు గంటల గ్యాప్ ఉంచుకోండి. దిగిన రోజే చర్చి టికెట్ పెట్టుకోవద్దు. విమానం రెండు గంటలు ఆలస్యమైతే చాలు, కుటుంబం మొత్తం టికెట్ డబ్బులు పోతాయి.

చర్చి టికెట్లు సుమారు రెండు నెలల ముందు నుంచి దొరుకుతాయి. వీసా చేతికి రాగానే అదే రోజు కొనేయండి. మంచి వెలుతురు ఉండే స్లాట్లు, టవర్ స్లాట్లు అన్నిటికంటే ముందు అయిపోతాయి.

3. టికెట్ కొనడం

అధికారిక వెబ్‌సైట్ సగ్రాదా ఫమీలియా డాట్ ఆర్గ్. అక్కడే కొనండి. గేటు దగ్గర కొందాంలే అనుకుని వెళ్లడం వల్ల లాభం లేదు, టికెట్లు ఆన్‌లైన్‌లోనే ఇస్తారు. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనలు చాలావరకు మధ్యవర్తులవి. అవి మోసం కాకపోవచ్చు గానీ ధర ఎక్కువ, సమయం మీ చేతిలో ఉండదు.

2025లో పెద్దవాళ్లకు మామూలు టికెట్ 26 యూరోల దగ్గర, టవర్‌తో కలిపితే 36 దగ్గర ఉంది. ఆడియో గైడ్ దాంతోనే వస్తుంది. 11 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం, కానీ వాళ్ల పేరిట కూడా ఉచిత టికెట్ తీసుకోవాలి. 65 దాటినవారికి, 30 ఏళ్ల లోపువారికి, విద్యార్థులకు తగ్గింపు ఉంది. వయసు చూపే పాస్‌పోర్ట్, స్టూడెంట్ ఐడీ వెంట ఉండాలి. చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది: ఈ కట్టడం మొదటి నుంచీ విరాళాల మీదే లేస్తోంది. మీరిచ్చే టికెట్ డబ్బులు కూడా ఆ పనికే వెళ్తాయి.

కొనే వరుస ఇది:

- ముందు రోజే బ్యాంక్ యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయండి. మన కార్డుల్లో అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది.
- ఓటీపీ వచ్చే ఫోన్ పక్కనే పెట్టుకోండి.
- అందరి పేర్లు, పుట్టిన తేదీలు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఒక కాగితం మీద రాసుకుని కూర్చోండి.
- తేదీ, స్లాట్ ఎంచుకుని అందరికీ ఒకే ఆర్డర్‌లో కొనండి. విడివిడిగా కొంటే స్లాట్లు చీలిపోతాయి.
- వచ్చిన టికెట్లు ఫోన్‌లో సేవ్ చేసి, ఇంకొకరి ఫోన్‌కు పంపి, ఒక ప్రింట్ కూడా తీసుకోండి.

తేదీ మార్చడం, డబ్బులు వెనక్కి రావడం కుదరదన్న లెక్కతోనే కొనండి.

4. టవర్ ఎవరు ఎక్కాలి?

తరచూ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

టవర్ టికెట్ అంటే పైకి లిఫ్టులో తీసుకెళ్తారు, కిందికి మాత్రం నడిచి దిగాలి. ఆ మెట్లు సన్నగా, గుండ్రంగా తిరుగుతూ వందల సంఖ్యలో ఉంటాయి. ఒక వైపు గోడ, ఇంకో వైపు కొన్ని చోట్ల నత్తగుల్లలా తిరిగే ఖాళీ. మధ్యలో ఆగి కూర్చోవడానికి చోటు తక్కువ, వెనకవాళ్లు వస్తూనే ఉంటారు.

మీ ఇంట్లో ఎవరికి కుదురుతుందో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోనే ఒక పరీక్ష ఉంది. ఒక ఆదివారం చార్మినార్ ఎక్కించండి. అక్కడి మెట్లూ ఇరుకైనవే, మెలి తిరిగేవే. దిగేటప్పుడు మోకాళ్లు పట్టేసినా, కళ్లు తిరిగినా వాళ్లకు టవర్ వద్దు. బార్సిలోనాలో దిగాల్సినవి అంతకంటే చాలా ఎక్కువ.

- ఆరేళ్ల లోపు పిల్లలను టవర్‌లోకి అనుమతించరు. 16 లోపు పిల్లల వెంట పెద్దవాళ్లుండాలి.
- గుండె జబ్బు, మోకాలి ఆపరేషన్, ఇరుకు చోట్ల భయం ఉన్నవాళ్లకు వద్దు. గర్భిణులకూ వద్దు.
- సంచులు కింద లాకర్‌లో పెట్టాలి. ఫోన్, నీళ్లసీసా చాలు.
- వాన, పెద్ద గాలి ఉంటే టవర్ మూసేస్తారు. ఆ భాగం డబ్బులు వెనక్కి వస్తాయి.

ఒక టికెట్‌తో ఒక టవరే. జనన గోపురం వైపు ఎక్కితే పాత చెక్కడాలను, గోపురాల మధ్య చిన్న వంతెనను దగ్గర నుంచి చూడొచ్చు. శ్రమల వైపు నుంచి ఊరు, సముద్రం బాగా కనిపిస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు జనన గోపురమే చెప్తాను.

కుటుంబంలో సగం మంది ఎక్కి సగం మంది కింద ఉంటే ఏ ఇబ్బందీ లేదు. టవర్ స్లాట్‌ను లోపలికి వెళ్లిన గంటన్నర తర్వాత పెట్టుకోండి. అందరూ కలిసి చర్చి చూశాక, ఎక్కేవాళ్లు ఎక్కుతారు, పెద్దవాళ్లు లోపలే బెంచీల మీద కూర్చుంటారు. అసలు టవర్ మానేసినా పెద్దగా పోయేదేమీ లేదు. ఈ చర్చి గొప్పదనం లోపల ఉంది.

5. వెళ్లే ముందు ఒక ఆదివారం మెదక్ వెళ్లండి

పిల్లలకు కథ తెలియకపోతే ఆ గోడల మీది వందల బొమ్మలు రాళ్లలాగే కనిపిస్తాయి. వెళ్లే నెల ముందు మెదక్ కేథడ్రల్‌కు ఒక ట్రిప్ వేయండి. హైదరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు.

అక్కడ మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు ఉన్నాయి: క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. సగ్రాదా ఫమీలియాకు కూడా మూడు ముఖాలు, అంటే బయటి పెద్ద గోడలు: జననం, శ్రమలు, మహిమ. మెదక్‌లో మూడు కిటికీల ముందు నిలబెట్టి కథ చెప్పేస్తే బార్సిలోనాలో పిల్లలు మిమ్మల్ని అడగక్కర్లేదు, వాళ్లే మీకు చూపిస్తారు. అద్దం వెనక ఎండ ఉన్నప్పుడే రంగు పలుకుతుందన్న సంగతి కూడా అక్కడే కళ్లారా తెలుస్తుంది. మబ్బు పట్టినప్పుడు అదే కిటికీ ఎలా చిన్నబోతుందో చూపించండి.

అంత దూరం కుదరకపోతే సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బేసిలికాలో అరగంట కూర్చోబెట్టండి. చర్చిలో ఎలా మసలుకోవాలో, గొంతు ఎంత తగ్గించాలో పిల్లలకు అలవాటవుతుంది. మీరు ఏ మతం వారైనా ఇది పనికొచ్చే అలవాటే.

ఇంకో పని. కుటుంబంలో ఒకరు కథ చెప్పే బాధ్యత తీసుకోవాలి. ఆడియో గైడ్ తెలుగులో లేదు. చెవుల్లో ఇంగ్లిష్ వింటూ అమ్మమ్మ ఏమీ అర్థం కాక పక్క చూపులు చూడటం బాగుండదు. ఆ ఒక్కరు ముందు రాత్రి హోటల్లో ఆడియో గైడ్ వినేసి, మరునాడు పెద్దవాళ్ల పక్కన నడుస్తూ మెల్లగా తెలుగులో చెప్పాలి. ఈ పని ఇంటర్ చదివే పిల్లలకు అప్పగిస్తే ఎంతో శ్రద్ధగా చేస్తారు.

6. బట్టలు, చెప్పులు, సంచి

ఇది పర్యాటక స్థలం కంటే ముందు ప్రార్థనాలయం. భుజాలు కప్పి ఉండాలి, ఒళ్లు కనిపించే పలుచటి బట్టలు కుదరవు. నిక్కరు, స్కర్టు కనీసం తొడ సగం దాకా ఉండాలి. చీర, పంజాబీ డ్రెస్‌లకు ఏ అడ్డూ లేదు. చేతుల్లేని జాకెట్టు, స్లీవ్‌లెస్ కుర్తీ అయితే ఒక చున్నీ దగ్గర ఉంచుకోండి. మగవాళ్లు లోపల టోపీ తీసేయాలి.

పెద్దవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: చెప్పులు ఎక్కడ విడవాలి? విడవక్కర్లేదు. అందరూ బూట్లతోనే లోపలికి వెళ్తారు. నాయనమ్మకు మనసొప్పకపోతే ముందే చెప్పి ఒప్పించండి, గుమ్మం దగ్గర ఆగిపోకుండా. గట్టి అడుగున్న, కాలికి అలవాటైన బూట్లు వేయించండి. కొత్త బూట్లు వద్దే వద్దు.

పూలు, కొబ్బరికాయ, అగరుబత్తి లాంటివి తీసుకెళ్లకండి.

సంచిలో:

- ప్రతి ఒక్కరికీ ఇయర్‌ఫోన్స్ (ఆడియో గైడ్ మీ ఫోన్ యాప్‌లోనే)
- పవర్ బ్యాంక్
- పాస్‌పోర్ట్ కాపీ, తగ్గింపు తీసుకున్నవారికి ఐడీ
- పల్చటి శాలువా లేదా చున్నీ
- చిన్న పిల్లల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ

సూట్‌కేసులు, కత్తులు, కత్తెర్లు వద్దు. విమానాశ్రయంలో లాగే సంచులు స్కానర్‌లో పెడతారు. సామానుతో నేరుగా వచ్చేయకుండా హోటల్లో వదిలిపెట్టి రండి.

తినుబండారాల గురించి ఒక హెచ్చరిక. బయటి దేశాల నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషేధం. కాబట్టి నెయ్యి సీసా, పాలకోవా, నెయ్యి పూసిన పూతరేకులు ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లకు కూడా ఆంక్షలున్నాయి. ఆవకాయ, కారప్పొడి, అటుకుల మిక్చర్, ఖాక్రా లాంటివి సర్దుకోండి.

7. ఆ రోజు చర్చికి చేరేదాకా

మెట్రో ఎల్2 ఊదా రంగు లైను, ఎల్5 నీలం లైను. రెండింటికీ సగ్రాదా ఫమీలియా పేరుతోనే స్టేషన్ ఉంది. స్లాట్‌కు 45 నిమిషాల ముందు అక్కడ ఉండేలా చూసుకోండి. బార్సిలోనా మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. పర్సు ముందు జేబులో, హ్యాండ్‌బ్యాగ్ ఛాతీ మీద ఉండాలి. పైకి రాగానే అందరూ తలెత్తి గోపురాలు చూస్తారు కదా, దొంగలు కాచుకునేది ఆ క్షణానికే. ముందు పక్కకు జరిగి గోడ దగ్గర నిలబడండి, తర్వాత చూడండి.

స్లాట్ కంటే ముందు కాఫీ షాపులో పిల్లలను, పెద్దవాళ్లను బాత్రూమ్‌కు పంపించండి. ఇది దాటేసిన కుటుంబం లోపల ప్రశాంతంగా కూర్చోలేదు.

ఎదురుగా ఉన్న ప్లాసా దె గౌదీ పార్కుకు వెళ్లండి. చిన్న చెరువు ఉంటుంది, జనన గోపురాల ప్రతిబింబం అందులో పడుతుంది. కుటుంబం ఫొటో అక్కడే తీసుకోండి. ఎవరైనా తప్పిపోతే కలుసుకునే చోటు కూడా అదేనని అందరికీ చెప్పండి.

క్రేన్లు, పరంజాలు కనిపిస్తాయి. 1882లో మొదలైన కట్టడం ఇంకా సాగుతూనే ఉంది, మహిమ వైపు ముఖం పూర్తి కాలేదు. ఈ సంగతి పెద్దవాళ్లకు ఇంట్లోనే చెప్పి ఉంచండి. తెలియకపోతే "ఇంత దూరం వచ్చి సగం కట్టింది చూశామా" అని నొచ్చుకుంటారు.

విడి సందర్శకుల ప్రవేశం జనన గోపురం వైపు, కారెర్ దె లా మరీనా వీధిలో ఉంటుంది.

8. లోపల ఏ వరుసలో చూడాలి

మొత్తం రెండున్నర గంటలు కేటాయించండి. వరుస ముఖ్యం.

మొదట బయటే ఇరవై నిమిషాలు. జనన గోడ ముందు నిలబడి మధ్యలో పవిత్ర కుటుంబాన్ని (బాల యేసు, మరియ, యోసేపు), సంగీతం వాయించే దేవదూతలను, పైన తెల్లపావురాలు వాలిన సైప్రస్ చెట్టును చూపించండి. తర్వాత పిల్లలకు పని పెట్టండి: స్తంభాల అడుగున తాబేళ్లను కనిపెట్టాలి. సముద్రం వైపు స్తంభం కింద సముద్రపు తాబేలు, కొండ వైపు నేల తాబేలు. ఇక ఆకులతో నిండిన కంచు తలుపుల మీద పురుగులు, కీటకాలు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టమనండి. ఆ తలుపులు చెక్కింది జపాన్ శిల్పి ఎత్సురో సోతో.

తర్వాత లోపలికి. ఇక్కడ నా మాట వినండి: ఫోన్లు జేబుల్లో పెట్టి, ఆడియో గైడ్ ఆపేసి, నేరుగా మధ్యలోకి వెళ్లి కూర్చోండి. పది, పదిహేను నిమిషాలు ఏమీ చేయవద్దు. కొమ్మలుగా చీలి కప్పును మోసే స్తంభాల వెంట చూపు పైకి వెళ్లనివ్వండి. నడిమి కప్పు ఎత్తు 45 మీటర్లు, అడ్డ నడవ కలిసే చోట 60 మీటర్లు. మెడ నొప్పి పుట్టే ఎత్తు అది, పెద్దవాళ్లను వెనక్కి ఆనుకునేలా కూర్చోబెట్టండి.

తర్వాత మెల్లగా ఒక చుట్టు:

- నీలి వైపు కిటికీలు, ఆపైన ఎర్రటి వైపు. పొద్దున వెళ్తే నీలి వైపు, సాయంత్రం వెళ్తే ఎర్ర వైపు ఎక్కువసేపు ఉండండి. అద్దాన్నే చూడకండి, ఎదుటి స్తంభం మీద పడ్డ రంగును కూడా చూడండి.
- స్తంభాల రాయి. ఇసుకరాయి, గ్రానైట్, బసాల్ట్, పోర్ఫిరీ అని నాలుగు రకాలు. ఎక్కువ బరువు మోసే స్తంభానికి ఎక్కువ గట్టి రాయి. మధ్యలోని నాలుగు ఎర్రటివి పోర్ఫిరీ. గ్రానైట్ గుట్టల మధ్య పెరిగిన హైదరాబాద్ పిల్లలకు ఇది చెప్తే ఇట్టే పట్టేస్తారు.
- బలిపీఠం పైన గొడుగు లాంటి పందిరి, దాని కింద వేలాడే సిలువ.
- మహిమ వైపు కంచు తలుపు. ప్రభువు ప్రార్థన దాని మీద కాటలాన్ భాషలో పెద్దగా, "మా అనుదిన ఆహారము" అన్న వాక్యం 50 భాషల్లో ఉంటాయి. మీకు చదవడం వచ్చిన లిపి ఏదైనా కనిపిస్తుందేమో పిల్లలతో వెతికించండి.

ఫొటోలు తీసుకోవచ్చు. ఫ్లాష్, ట్రైపాడ్ వద్దు. వీడియో కాల్ చేసి ఇంట్లో ఉన్నవాళ్లకు చూపించాలనిపించడం సహజమే, కానీ స్పీకర్ పెట్టి మాట్లాడితే పక్కన ప్రార్థన చేసుకునేవారికి ఇబ్బంది. చిన్న వీడియో తీసుకుని బయటికొచ్చాక పంపండి.

ఇప్పుడు టవర్ స్లాట్ ఉన్నవాళ్లు పైకి. అందరూ కలిశాక శ్రమల గోడ వైపు బయటికి రండి. ఇక్కడి బొమ్మలు సుబిరాక్స్ అనే శిల్పి చెక్కినవి. కోణాలు కోణాలుగా, ఎముకలు తేలినట్టుంటాయి. మొదటి గోడ సంబరం, ఇది శోకం. చిన్న పిల్లలు కొంచెం బెదరవచ్చు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. క్రీస్తును పట్టించిన శిష్యుడు యూదా ఆయనకు ముద్దు పెట్టే బొమ్మ పక్కన నాలుగు వరుసల అంకెల గడి ఉంది. ఏ వరుస, ఏ నిలువు, ఏ ఐమూల కూడినా 33. క్రీస్తు సిలువ వేయబడిన వయసు అదేనంటారు. లెక్కలంటే ఇష్టమైన పిల్లలకు కాగితం, పెన్ను ఇచ్చి అక్కడే కూర్చోబెట్టండి. 12, 16 గడిలో లేవు, 10, 14 రెండేసి సార్లు ఉన్నాయి. ఆ సంగతి మీరు చెప్పకండి, వాళ్లనే కనిపెట్టనివ్వండి.

చివర మ్యూజియం. ఓపిక ఉంటేనే. తలకిందులుగా వేలాడదీసిన తాళ్లు, బరువుల సంచులతో చేసిన నమూనా మాత్రం ఇంజినీరింగ్ చదివే పిల్లలకు తప్పకుండా చూపించండి. గౌదీ సమాధి ఉన్న నేలమాళిగ కూడా అక్కడి కిటికీలోంచి కనిపిస్తుంది.

9. ప్రార్థనకే వెళ్లాలనుకుంటే

క్రైస్తవ కుటుంబాలు చాలామంది ఇది అడుగుతున్నారు. ఆదివారం పొద్దున 9 గంటలకు అంతర్జాతీయ మాస్ (కేథలిక్ ఆరాధన) ఉంటుంది, ఉచితం. ముందు వచ్చినవారికే చోటు. ఎనిమిదికల్లా జనన గోపురం వైపు వరుసలో ఉండండి. ఇది పూర్తిగా ఆరాధన, మధ్యలో లేచి తిరగడం, ఫొటోలు తీయడం కుదరదు. టికెట్ డబ్బులు మిగుల్చుకోవడానికి మాత్రం వెళ్లకండి.

ఇది కేథలిక్ చర్చి. మాస్‌లో పంచే దివ్యసత్ప్రసాదం కేథలిక్కులకే. సీఎస్ఐ, బాప్టిస్ట్, ఇతర సంఘాల వారు, హిందువులు, ముస్లింలు తమ చోటనే కూర్చుంటే చాలు, ఎవరూ తప్పుగా అనుకోరు. లేచి నిలబడినప్పుడు అందరితో పాటు నిలబడండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వెంటనే చేయాల్సినవి

స్లాట్ దాటిపోయింది. ముందు ప్రవేశ ద్వారం దగ్గరికే వెళ్లి నెమ్మదిగా చెప్పండి. కొద్ది నిమిషాలైతే పంపే అవకాశం ఉంది, కానీ భరోసా లేదు. వాదించడం వల్ల పెద్దవాళ్లకు టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

మబ్బు పట్టింది. కిటికీల రంగులు తగ్గుతాయి గానీ చర్చి తగ్గదు. అలాంటి రోజు స్తంభాలు, శిల్పాల మీద ఎక్కువ సమయం పెట్టండి. మధ్యలో కూర్చోవడం మాత్రం మానొద్దు, మబ్బు విడిచిన ఐదు నిమిషాల్లో లోపలంతా మారిపోతుంది.

ఆకలి. మన కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. స్పెయిన్‌లో భోజనం మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య. రాత్రి భోజనానికి వంటగదులు ఎనిమిది, ఎనిమిదిన్నరకు గానీ తెరవరు. సాయంత్రం ఐదింటికి బయటికొచ్చి అన్నం అడిగితే దొరకదు. సాయంత్రం స్లాట్ ఉంటే మధ్యాహ్నం కడుపు నిండా తిని వెళ్లండి. మాంసం తినని వాళ్లకు టమాటా రుద్దిన రొట్టె, బంగాళదుంప ఆమ్లెట్ దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. గుడ్డు కూడా తినకపోతే ఆ మాట ముందే స్పష్టంగా చెప్పండి. బాసుమతి అన్నం, పప్పు కావాలంటే పాత ఊళ్లోని రవాల్ అనే పేట వైపు వెళ్లండి, అక్కడ భారతీయ, పాకిస్తానీ హోటళ్లు చాలా ఉన్నాయి.

పిల్లలు అలిసిపోయారు. మ్యూజియం వదిలేయండి. పార్కులో ఆట స్థలం ఉంది, అరగంట ఆడనివ్వండి.

టికెట్లు అయిపోయాయి. ప్రతి పొద్దున, రాత్రి వెబ్‌సైట్ తిరిగి చూడండి, ఒకటి రెండు స్లాట్లు తెరుచుకుంటుంటాయి. మామూలు టికెట్ లేకపోతే గైడెడ్ టూర్ టికెట్లు చూడండి, అవి వేరే లెక్కలో ఉంటాయి. నలుగురికి ఒకే స్లాట్ దొరకకపోతే పక్క పక్క స్లాట్లలో ఇద్దరిద్దరుగా వెళ్లి లోపల కలుసుకోండి. ఒక పెద్దవాళ్లు, ఒక చిన్నవాళ్లు చొప్పున జట్లు చేయండి.

ఏదీ దొరకకపోతే పాత ఊళ్లోని బార్సిలోనా కేథడ్రల్‌కు వెళ్లండి. దాని లోపలి తోటలో 13 తెల్ల పెద్దబాతులు ఉంటాయి, పిల్లలు అక్కడి నుంచి కదలరు. సాయంత్రం దీపాలు వెలిగాక మెట్రోలో సగ్రాదా ఫమీలియా దగ్గర దిగి నాలుగు వైపులా ఒక చుట్టు నడవండి. బయటి నుంచి చూడటానికి టికెట్ అక్కర్లేదు.